‘లాఫుల్’ అంటే చట్టం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫాంటసీ వెబ్‌కామిక్ పాత్రల మీద వేసిన పేజీ చదివాను. ఒక తెలుగు దినపత్రిక ఈ విషయానికి పేజీ మొత్తం ఇచ్చినందుకు సంతోషం. అయితే అందులో వేసిన తొమ్మిది గళ్ల పట్టికలో ‘లాఫుల్’ అన్న మాటకు ‘చట్టబద్ధం’ అనీ, ‘కేయాటిక్’ అన్న మాటకు ‘గందరగోళం’ అనీ పెట్టారు. అక్కడ పడిన తప్పటడుగు పేజీ చివరిదాకా సాగింది. దొంగతనం చేస్తుంది కాబట్టి ఫలానా పాత్ర ఈ గడిలో, తిక్కతిక్కగా మాట్లాడతాడు కాబట్టి ఫలానావాడు ఆ గడిలో అని సర్దేశారు. సొంతంగా కామిక్‌లు రాసి, గీసి నెట్‌లో పెడుతున్న కుర్రకారు మన దగ్గర ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్లు ఈ పట్టికను కత్తిరించి గోడకు అంటించుకుంటే కథలు దెబ్బతింటాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ పట్టిక డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, ఆడేవాళ్లు తలో పాత్రగా మారి కథ నడిపే ఫాంటసీ ఆటలోది. 1974లో ఆట మొదటిసారి అచ్చయినప్పుడు గళ్లు లేవు, మూడు పక్షాలే ఉన్నాయి: లా, న్యూట్రాలిటీ, కేయాస్. మంచికీ చెడుకీ విడిగా గీత లేదు. 1976లో ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ ఒక వ్యాసం రాసి ఆ రెండో గీత గీశారు. 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి అడ్డం మూడు (లాఫుల్, న్యూట్రల్, కేయాటిక్), నిలువు మూడు (మంచి, తటస్థం, చెడు), మొత్తం తొమ్మిది గళ్లు స్థిరపడ్డాయి. 2008లో నాలుగో ఎడిషన్ వాటిని ఐదుకు కుదిస్తే, 2014లో ఐదో ఎడిషన్ తొమ్మిదినీ మళ్లీ తెచ్చింది. ఇదంతా ఎందుకంటే, ఆ రెండు గీతలూ వేర్వేరుగా, వేర్వేరు ప్రశ్నల కోసం పుట్టాయి. మంచి చెడుల గీత అడిగేది: ఎదుటివాడి ప్రాణం, ఎదుటివాడి బాధ నీకు లెక్కేనా? రెండో గీత అడిగేది: ఇచ్చిన మాట, ఒప్పందం, ఆచారం, పెద్దల ఆజ్ఞ నిన్ను కట్టి ఉంచుతాయా, ఏ పూటకాపూట నీ మనసే నీకు పెద్దా? చట్టం ఆ కట్లలో ఒకటి. క్రూరుడైన రాజు చట్టాన్ని ధిక్కరిస్తూ, తన గురువుకిచ్చిన మాట కోసం ప్రాణం పెట్టేవాడు కూడా లాఫులే.

తెలుగువాళ్లం ఇక్కడ తడబడడానికి కారణం ఉంది. మన ‘ధర్మం’ అన్న మాటలో మంచితనం, కట్టుబాటు పాలూ నీళ్లలా కలిసిపోయి ఉంటాయి. ఈ పట్టిక రెంటినీ విడదీస్తుంది. భీష్ముడు ప్రతిజ్ఞ తప్పలేదు. నిండు సభలోకి ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు ధర్మం చాలా సూక్ష్మమైనదని చెప్పి ఊరుకున్నాడు. కట్టుబాటు గీత మీద ఆయనకు వంక పెట్టలేం. మంచి గీత మీద ఆ రోజుకు ఏ గుర్తు పెడతాం? అందుకని ‘లాఫుల్’కు ‘ధర్మం’ కూడా సరిపోదు. ‘కట్టుబాటు’ అనండి, ‘కేయాటిక్’కు ‘ఇచ్ఛ’ అనండి. ఇకపై నేనూ అవే వాడతాను.

ఈ తేడా చూపించడానికి రిచ్ బర్లూ గీస్తున్న ‘ఆర్డర్ ఆఫ్ ద స్టిక్’ను మించిన వెబ్‌కామిక్ లేదని నా అభిప్రాయం. 2003 సెప్టెంబరులో మొదలై 1,200 భాగాలు ఎప్పుడో దాటింది. బొమ్మలు అగ్గిపుల్లల మనుషుల్లా ఉంటాయి, కథ మాత్రం ఆ ఆట 3.5 ఎడిషన్ నియమాల మీద నడుస్తుంది. పాత్రలకు ఆ నియమాలు తెలుసు, వాటి గురించి మాట్లాడుకుంటాయి కూడా. కథ ఒక సాహసబృందానిది. నాయకుడు రాయ్, మరుగుజ్జు పూజారి డర్కన్ కట్టుబాటు–మంచి. పాటగాడు ఈలన్ ఇచ్ఛ–మంచి. మంత్రవేత్త వార్సూవియస్ రెండు గీతల మీదా తటస్థం. బెల్కార్ ఇచ్ఛ–చెడు. దొంగ హేలీ తనది ఇచ్ఛ–మంచి ‘లాంటిది’ అని చెప్పుకుంటుంది. ఆ ‘లాంటిది’ దగ్గరికి తర్వాత వస్తాను.

మీ పట్టికలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే కామిక్‌లోని ‘మీకో’ అనే పాత్ర. ఆమె పాలడిన్, అంటే దైవబలం ఉన్న వీరయోధురాలు. ఆమెను కట్టుబాటు–చెడు గడిలో పెట్టి, ‘దైవబలం పోయింది కదా’ అని కారణం రాశారు. 3.5 నియమాల్లో పాలడిన్ శక్తులు పోవడానికి మూడు దారులున్నాయి. కట్టుబాటు–మంచి గడి నుంచి జారిపోవడం ఒకటి. తెలిసి ఒక్క చెడ్డపని చేయడం రెండు. ప్రవర్తన నియమావళిని ఘోరంగా ఉల్లంఘించడం మూడు. వీటిలో ఏ ఒక్కటైనా చాలు. కాబట్టి శక్తులు పోయినంత మాత్రాన గడి మారిందని రుజువు కాదు. పదవి పోవడం వేరు, గడి మారడం వేరు. గడి మారడానికి సాధారణంగా ఎన్నో పనులు పోగుపడాలి, పదవి పోవడానికి ఒక్క కత్తివేటు చాలు.

ఆ కత్తివేటు సన్నివేశం ఇంకోసారి చూడండి. అజూర్ సిటీ పాలకుడు షోజో మతిలేనివాడిలా నటిస్తున్నాడని, రాయ్ బృందంతో రహస్యంగా పని చేయిస్తున్నాడని మీకో చాటుగా వింటుంది. విన్నది నిజమే. దాని నుంచి శత్రువు జైకాన్‌తో వీళ్లంతా కుమ్మక్కయ్యారని తేల్చేస్తుంది, అది మాత్రం ఆమె కల్పించుకున్నదే. అక్కడే హింజో ఉన్నాడు. అతనూ పాలడినే, అదే గడి, పైగా షోజోకు దగ్గర బంధువు. అతనికీ కోపం వచ్చింది, షోజోను విచారణకు నిలబెట్టాలన్నాడు. మీకో తానే న్యాయమూర్తి, తానే తలారి అయి ముసలివాణ్ని నరికేసింది. ఒకే గడిలో ఉన్న ఇద్దరు, ఒకే వార్త విని, ఒకే గదిలో నిలబడి రెండు వేర్వేరు పనులు చేశారు. గడి మనిషి చేత పని చేయించేదే అయితే ఇది జరగదు. ఆ తర్వాత మీకో చేసిన పెద్ద తప్పు నాకు ఆ హత్యకంటే ఎక్కువ చెబుతుంది. దేవతలు తనను ఎందుకు వదిలేశారో చూసుకోకుండా, ఇదంతా తనకు పెట్టిన పరీక్ష అని నమ్ముతుంది. జైకాన్ అజూర్ సిటీ మీదికి దండెత్తినప్పుడు, చనిపోయిన పాలడిన్ల ఆత్మలు అతన్ని దాదాపు ఓడించిన క్షణంలో, ఆ యుద్ధానికి మూలమైన మణిని ఆమే పగలగొడుతుంది. చెడు చేయాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆమెను చెడు గడిలో వేసేస్తే ఈ పాత్రలోని విషాదమంతా పోతుంది, ‘చెడ్డది కాబట్టి చెడు చేసింది’ అన్న చప్పటి మాట మిగులుతుంది.

పాలడిన్లు వాడే ‘చెడును పసిగట్టే’ మంత్రం గురించి మీ పేజీలో ఒక వాక్యమే ఉంది, అదీ తప్పే. ఆ మంత్రం మనసు చదవదు. 60 అడుగుల దూరం వరకు శంకువు ఆకారంలో పనిచేస్తుంది. మొదటి రౌండులో, అంటే 6 సెకన్లలో, చెడు ఉందా లేదా అన్నది తెలుస్తుంది. రెండో రౌండులో ఎన్ని ఛాయలున్నాయో, వాటిలో బలమైనది ఎంత బలమైనదో, మూడో రౌండులో ఒక్కొక్కటి ఎక్కడుందో తెలుస్తాయి. ఒక అడుగు మందం రాయి, ఒక అంగుళం మామూలు లోహం, మూడడుగుల కర్ర లేదా మట్టి, లేదా పలచటి సీసపు రేకు అడ్డుంటే పనిచేయదు. బెల్కార్ సీసపు రేకు అడ్డం పెట్టుకుని మీకో చూపు తప్పించుకోవడం హాస్యానికి పెట్టిందే అయినా నియమం ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైనది. రాయ్ దగ్గరున్న జైకాన్ కిరీటం చెడు ఛాయ చూపినందుకు మీకో రాయ్‌నే చెడ్డవాడనుకుని మీదపడడం కూడా అంతే. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ ఛాయ బలం పాపం ఎంతో చెప్పదు, పాపి ఎంత శక్తిమంతుడో చెబుతుంది. 10 హిట్ డైస్ (ఆటలో జీవి శక్తిని కొలిచే లెక్క) వరకు ఉన్న మామూలు జీవి ఎన్ని గొంతులు కోసినా ఛాయ మసకగానే ఉంటుంది. 11 నుంచే ఓ మోస్తరుగా కనిపిస్తుంది. ఈ మంత్రాన్ని కథలో వాడేవాళ్లు ఇది మరిచిపోయి, ‘భగ్గున వెలిగింది కాబట్టి వీడే అసలు దుర్మార్గుడు’ అని రాస్తారు.

గడి అంటే ఏమిటో ఈ కామిక్ చక్కగా చెప్పింది రాయ్ చనిపోయాక. యుద్ధంలో ఆకాశం నుంచి పడి చనిపోయిన రాయ్ పరలోకం వాకిట్లో ఒక దేవదూత ముందు కూర్చుంటాడు. ఆమె చేతిలో అతని ఫైలు ఉంటుంది. తాను కట్టుబాటు–మంచి అని రాయ్ చెప్పుకుంటే చాలదు, చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. బెల్కార్‌లాంటి హంతకుణ్ని వెంట ఎందుకు తిప్పుకున్నావని అడుగుతుంది. తన అదుపులో ఉంటే వాడి వల్ల జరిగే కీడు తగ్గుతుందని రాయ్ వాదన. ఇంకా కష్టమైన ప్రశ్న ఈలన్‌ది. బందిపోట్లు ఈలన్‌ను ఎత్తుకెళ్తే రాయ్ మొదట వాణ్ని వాళ్ల చేతుల్లోనే వదిలేశాడు. ఆ పని అలాగే మిగిలి ఉంటే ఫైలు తటస్థం గుట్టలోకి వెళ్లేదని ఆమె చెబుతుంది. అతను మనసు మార్చుకుని వెనక్కి వెళ్లాడు. తప్పులు చేస్తూనే ఆ గడికి తగినట్టు ఉండాలని ప్రయత్నం మానలేదు కాబట్టి లోపలికి రానిస్తుంది.

మనకిది కొత్త కాదు. ద్రోణపర్వంలో ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేది. ‘అశ్వత్థామ హతః’ అని పైకి అని, ‘కుంజరః’ అని లోగొంతుకలో అన్న క్షణాన నేల తాకింది. స్వర్గారోహణ పర్వంలో ఆ ఒక్క మాటకే ఆయన కాసేపు నరకం చూడాల్సి వచ్చింది. చివరికి చేరింది స్వర్గానికే. రథం దిగడం మీకో శక్తులు పోవడం లాంటిది, వెంటనే పడే శిక్ష. స్వర్గం వాకిట జరిగింది రాయ్ ఫైలు లాంటిది, జీవితం మొత్తం లెక్క. పట్టిక గీసేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తే ఏ పాత్రకూ న్యాయం జరగదు.

వార్సూవియస్ దగ్గర లెక్క ఇంకా చిక్కుపడుతుంది. (ఈ పాత్ర ఆడో మగో రచయిత కావాలనే చెప్పలేదు. ఇంగ్లీషులో ఎలాగో నెట్టుకురావచ్చు గానీ తెలుగులో ‘చేశాడు’, ‘చేసింది’ అని క్రియే బయటపెట్టేస్తుంది. మీ పేజీలో ‘చేశాడు’ అని రాశారు. ‘చేశారు’ అని గౌరవ వాచకం వాడితే గొడవే ఉండదు.) ఒక నల్ల డ్రాగన్ వార్సూవియస్ పిల్లల మీద పడింది. వాళ్లను కాపాడుకోవడానికి మూడు పిశాచాలతో బేరం కుదుర్చుకుని అపారమైన శక్తి తెచ్చుకున్నారు. డ్రాగన్‌ను చంపారు. అక్కడితో ఆగితే కన్నబిడ్డల కోసం చేసిన పని. ఆగలేదు. చచ్చిన డ్రాగన్ తలను మళ్లీ లేపి, దాని రక్తసంబంధం ఉన్న ప్రతి ప్రాణినీ, వాటితో రక్తసంబంధం ఉన్న ప్రతి ప్రాణినీ ఒకే మంత్రంతో చంపారు. చాలాకాలం తర్వాత ఒక పిరమిడ్‌లో ఓ మనుషుల కుటుంబం మొత్తం చచ్చిపడి కనిపిస్తుంది. వాళ్ల రక్తంలో ఎక్కడో డ్రాగన్ చుక్క ఉంది. అది చూసి వార్సూవియస్‌కు తాను చేసింది అర్థమవుతుంది. కారణం ప్రేమే, పని మాత్రం మారణహోమం. కారణాన్ని బట్టి గుర్తు పెడితే మంచి వైపు పడుతుంది, నష్టపోయినవాళ్లను బట్టి పెడితే చెడు వైపు పడుతుంది. ఈ పట్టికలో రెండోదే సరైన పద్ధతి.

జాతిని బట్టి గడి ఇచ్చే అలవాటు గురించి కూడా ఒక మాట. గాబ్లిన్లు అనే పొట్టి రాక్షసజాతి అంతా చెడ్డదే అని మీ పేజీలో ఉంది. ఆ ఆటలోని జీవుల వివరాలుండే 3.5 మాన్‌స్టర్ మాన్యువల్‌లో గాబ్లిన్ల దగ్గర రాసింది ‘యూజువల్లీ’. అదే పుస్తకం ఆ మాటకు అర్థం కూడా ఇచ్చింది: సగానికి పైగా అని. అంటే 100 మందిలో 45 మంది వేరే గడిలో ఉన్నా నియమానికి అడ్డు రాదు. బర్లూ కథంతా ఈ సందులోంచే ఎదిగింది. జైకాన్ పక్షాన ఉన్న గాబ్లిన్ పూజారి రెడ్‌క్లోక్ ఊరిని పాలడిన్లే వచ్చి పిల్లలతో సహా నరికేశారు. అతని కోపానికి కారణం నిజమైనది, అతను అడిగే న్యాయమూ నిజమైనదే. అయినా రెడ్‌క్లోక్ చెడు వైపే ఉంటాడు. తన పథకం కోసం సొంత తమ్ముణ్ని చంపాడు, గాబ్లిన్ల దాయాదులైన హాబ్‌గాబ్లిన్లను చాలాకాలం గడ్డిపరకల్లా చావుకు పంపాడు. కష్టం చూపించగానే ప్రతినాయకుడిని తటస్థం గడిలోకి జరపడం ఈమధ్య బాగా కనిపిస్తున్న పొరపాటు. గాయం పాత్రను అర్థం చేసుకోవడానికి, గడి పాత్ర చేసిన పనులకు.

కట్టుబాటు–చెడు ఎలా ఉంటుందో చూడాలంటే ఈలన్ తండ్రి టార్క్విన్‌ను చూడండి. మర్యాదస్తుడు, మాట నిలబెట్టుకుంటాడు, రాజ్యం చట్టప్రకారం నడుపుతాడు. పారిపోయిన బానిసలను పట్టుకుని వాళ్లను తగలబెట్టి ఆ మంటల అక్షరాలతో కొడుకు పేరు రాయిస్తాడు. అతని దృష్టిలో ఇదంతా క్రమబద్ధమైన పాలన, పైగా తండ్రి ప్రేమ.

ఇప్పుడు పాత్రకు గడి తేల్చే పద్ధతి. ఒక ఠావు కాగితం తీసుకుని మూడు నిలువు గీతలు గీయండి, నాలుగు వరసలు వస్తాయి. మొదటి వరసలో పాత్ర చేసిన పని, రెండో దానిలో ఆ పనివల్ల పాత్రకు పోయింది ఏమిటో, మూడో దానిలో ఇంకెవరికి ఏం పోయిందో, నాలుగో దానిలో ఏ మాటను, ఏ ఆజ్ఞను, ఏ ఒప్పందాన్ని పాటించిందో లేదా దాటిందో రాయండి. కనీసం 12 పనులు ఉండాలి. అంతకు తక్కువైతే మీరు చూస్తున్నది పాత్రను కాదు, ఆ పాత్ర మీద మీకున్న ఇష్టాన్ని. రెండో వరస, మూడో వరస రెండూ ఖాళీగా ఉన్న పనులను కొట్టేయండి. ఎవరికీ ఏమీ పోని పని దేన్నీ రుజువు చేయదు. మంత్రం వశంలో చేసినవి, కలలో చేసినవి, నోటితో అన్నవి లెక్కలోకి తీసుకోవద్దు. మిగిలినవాటికి తొమ్మిది గళ్ల మీద (పైన మంచి, కింద చెడు) ఒక్కొక్క చుక్క పెట్టండి.

హేలీని తీసుకోండి. బృందానికి రావాల్సిన సొమ్ములో రహస్యంగా నొక్కేస్తుంది: నష్టం స్నేహితులకు, దాటింది వాళ్ల నమ్మకాన్ని. ఆ డబ్బు బందీగా ఉన్న తండ్రిని విడిపించడానికి కావాల్సిన 2,00,000 బంగారు నాణేల కోసమని తర్వాత తెలుస్తుంది. చుక్క కొంచెం పైకి జరుగుతుంది గానీ ఇచ్ఛ వైపు నుంచి కదలదు. శత్రువు ఆక్రమించిన అజూర్ సిటీలో నెలల తరబడి ఉండిపోయి, తిరుగుబాటుదారులతో కలిసి పోరాడుతూ, రాయ్ శవాన్ని కాపాడుతుంది: ప్రాణం పణంగా పెట్టింది ఆమె, లాభం ఇతరులకు. పైవైపు గట్టి చుక్క. తర్వాత, స్నానం చేస్తున్న క్రిస్టల్ అనే హంతకురాలిని ఆయుధం చేతికందని సమయం చూసి చంపేస్తుంది: ఈ చుక్క కిందికి పడుతుంది. చుక్కలన్నీ చూస్తే ఇచ్ఛ–మంచి దగ్గర గుంపు, ఒకటి రెండు దూరంగా. ఆ ‘లాంటిది’కి అర్థం ఇదే. ఆ దూరపు చుక్కల్ని చెరిపేయకండి. పాఠకుడు మర్నాడు కూడా తలుచుకునే సన్నివేశాలు అక్కడే ఉంటాయి.

కాగితం మీద పని చేస్తున్నప్పుడు ఎక్కువగా చెడేది తటస్థం గడి. తేలని పాత్రలన్నీ అందులోకి తోసేస్తుంటారు. తటస్థం అంటే తేలకపోవడం కాదు. తనవాళ్ల కోసం నష్టపోతుంది, ముక్కూమొహం తెలియని వాళ్ల కోసం నష్టపోదు, అలాగని వాళ్లను బాధపెట్టి లాభపడదు: ఇలాంటి చుక్కలు వరసగా పడితేనే ఆ గడి. చుక్కలు నాలుగు మూలలా చెల్లాచెదురైతే ఆ పాత్రను మీరింకా సరిగ్గా రాయలేదని అర్థం. ఇక ఇచ్ఛ గడిలో పిచ్చివాళ్లనూ విదూషకులనూ పెట్టడం ‘గందరగోళం’ అన్న అనువాదం తెచ్చిన తంటా. ఈలన్ తెలివితక్కువవాడు కావడం, ఇచ్ఛ–మంచి కావడం రెండు వేర్వేరు సంగతులు.

మారే పాత్రకు ఒక్క కాగితం చాలదు, కామిక్‌లో ప్రతి 100 భాగాలకు ఒక కాగితం చొప్పున వాడండి. బెల్కార్‌కు ఇలా చేస్తేనే కథ కనిపిస్తుంది. ఊళ్లో ప్రాణం తీస్తే పనిచేసే మంత్రపు ముద్ర ఒకటి అతని మీద వేసి ఉంటుంది. ఒక హత్యతో అది రగిలి, జ్వరంలో పడి ఉన్నప్పుడు చనిపోయిన షోజో కలలో కనిపిస్తాడు. నువ్వు మారనక్కర్లేదు, మారినట్టు నటించు చాలు అంటాడు. బెల్కార్ నటించడం మొదలుపెడతాడు. మొదటి కాగితంలో చుక్కలన్నీ కింద మూలనే. నటన మొదలయ్యాక కూడా అక్కడే, కాకపోతే జాగ్రత్తగా. ఆ తర్వాతి కాగితాల్లో ఒక పిల్లి కోసం, ఆపైన స్నేహితుల కోసం, తనకేమీ రాదని తెలిసి చేసిన పనులు ఒక్కొక్కటే కనిపిస్తాయి. మొత్తం కలిపి ఒకే కాగితం మీద వేస్తే ఇదంతా సగటులో కొట్టుకుపోతుంది.

మీరు పట్టికను మళ్లీ వేసే ఆలోచనలో ఉంటే మూడు సవరణలు కోరుతున్నాను. పై వరస శీర్షికలు ‘కట్టుబాటు, తటస్థం, ఇచ్ఛ’ అని మార్చండి. మీకోను కట్టుబాటు–మంచి గడిలోనే ఉంచి పక్కన ‘పదవి పోయింది’ అని రాయండి. బెల్కార్ బొమ్మ ఉన్న గడి నుంచి బయటికి ఒక చిన్న బాణం గీసి, దాని రెండో కొసను ఏ గడికీ తగిలించకుండా వదిలేయండి.

ఇట్లు
మీ పాఠకుడు
విశాఖపట్నం